రీచార్జబుల్ సెల్ ఇరుక్కుంటే ఏం చేయాలి?



ఈ ఏడాది బడి తెరిచిన మొదటి వారంలో ఎనిమిదో తరగతి పిల్లలకు నేనొక మాట చెప్పాను. వాడి పారేసే సెల్లు తగ్గించాలి, వీలైన చోట రీచార్జబుల్ సెల్లు వాడమని ఇంట్లో చెప్పండి అని. మాట మంచిదే, కానీ సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను.

పది రోజులు కూడా కాలేదు, ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చింది. "మేడం, మా నాయినమ్మ బీపీ మిషన్ల కొత్త సెల్లు పడ్తలేవు. నాన్న గట్టిగ నెట్టిండు. ఒకటి ఇరికింది, మళ్ల ఎల్తలేదు" అంది. సాయంత్రం వాళ్ల నాన్నగారే మిషన్‌ను చేతి సంచిలో పెట్టుకొని వచ్చారు. "మీరే చెప్పిండ్రట గద మేడం" అన్నారు నవ్వుతూ. ఆయన తప్పు పట్టలేదు గానీ నాకు మాత్రం గుచ్చుకుంది. ఆ పెద్దమ్మ రోజూ పొద్దున్నే బీపీ చూసుకొని మనవరాలి చేత ఒక నోట్‌బుక్‌లో రాయించుకుంటారట. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకమే తీసుకెళ్తారు. నాలుగు రోజుల నుంచి అందులో తేదీలు ఉన్నాయి, అంకెలు లేవు.

ముందు ఇరుక్కున్న సెల్‌ను తీయాలి. ఆయన ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించారు. చాలామంది చేసే పని అదే, చేయకూడని పని కూడా అదే. ఇనుప మొన సెల్ తొడుగును చీలుస్తుంది, లేదా ప్లస్‌కూ సెల్ ఒంటికీ ఒకేసారి తగిలి షార్ట్ చేస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్ల గానీ ప్లాస్టిక్ చెంచా కాడ గానీ తీసుకోండి. సెల్‌ను స్ప్రింగ్ వైపు, అంటే మైనస్ వైపు, మెల్లగా నొక్కి పట్టుకొని ప్లస్ వైపు కొనను పైకి లేపండి. స్ప్రింగ్ ఉండేది అందుకే, అది కాస్త వెనక్కి జరిగి చోటిస్తుంది. వేసేటప్పుడు కూడా అంతే. మైనస్ వైపును ముందు స్ప్రింగ్‌కు ఆనించి నొక్కాలి, తర్వాత ప్లస్ వైపును కిందికి దించాలి. ప్లస్ వైపు ముందు పెట్టి మైనస్ అంచును స్ప్రింగ్ మీదుగా రాస్తూ నెడితే స్ప్రింగ్ తీగ కొన తొడుగును గీరుతుంది.

సెల్ బయటికి వచ్చాక ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ తెప్పించాను. పక్కన ఇద్దరు పిల్లలు కూడా నిలబడ్డారు. మిషన్‌లో ఇన్నాళ్లూ ఉన్న మామూలు సెల్ వ్యాసం 14.0 మిల్లీమీటర్లు. కొత్త రీచార్జబుల్ సెల్ 14.4. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కానీ ఆ మిషన్‌లో నాలుగు సెల్లు పక్కపక్కనే పడుకుంటాయి. 0.4ను 4తో గుణిస్తే 1.6 మిల్లీమీటర్లు. గూడేమో పెరగదు. లెక్క పూర్తి చేసిన పిల్లవాడే "అందుకే నాలుగోది ఇరికింది మేడం" అన్నాడు.

మరి కొత్త సెల్ తప్పు సెల్లా? కాదు. మనం పెన్సిల్ సెల్ అని పిలిచే డబుల్ ఏ సైజును అమెరికాలో ఒక కంపెనీ 1907లో తెచ్చింది, 1947లో అక్కడి ప్రమాణాల సంస్థ దాని కొలతలు స్థిరపరిచింది. ఇవాళ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డబుల్ ఏ సెల్ వ్యాసం 14.5 మి.మీ. మించకూడదు, పొడవు 50.5 మి.మీ. మించకూడదు. అంతకన్నా సన్నగిల్లే ట్రిపుల్ ఏకు ఆ హద్దులు 10.5, 44.5. గమనించారా, ఇవి హద్దులే, ఖచ్చితమైన కొలతలు కావు. మామూలు సెల్ ఆ హద్దుకు కొంచెం లోపలే ఉంటుంది. రీచార్జబుల్ సెల్‌లో, ముఖ్యంగా కరెంటు ఎక్కువ నిలవ ఉంటుందని పెద్ద అంకె వేసి అమ్మే వాటిలో, సరుకు ఎక్కువ కుక్కాలి కాబట్టి తయారీదారు హద్దు దాకా పోతాడు. కొన్ని చవక పరికరాల గూళ్లేమో సన్న సెల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి. ఇద్దరికిద్దరూ సగం తప్పు చేస్తే మన చేతిలో సెల్ ఇరుక్కుంటుంది.

అమ్మాయి నాన్నగారు అప్పుడొక ప్రశ్న వేశారు. మంచి ప్రశ్న, అందుకే దీని మీద కొంచెం ఆగుతాను. "పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఒలిచేస్తే సన్నగైతది గద?" సన్నబడుతుంది నిజమే. కానీ ఆ తొడుగు అందానికి వేసింది కాదు. రీచార్జబుల్ సెల్‌లో పైన ఉన్న చిన్న బుడిపె మాత్రమే ప్లస్. మిగిలిన ఉక్కు డబ్బా అంతా, బుడిపె చుట్టూ ఉన్న భుజం దాకా, మైనస్. రెండింటి మధ్య ఒక సన్నని ఉంగరం లాంటి అడ్డు, దానిపైన ఈ తొడుగు. తొడుగు తీసేస్తే పరికరంలోని ప్లస్ రేకు కొంచెం వెడల్పుగా ఉన్నా చాలు, బుడిపెనూ భుజాన్నీ ఒకేసారి తాకుతుంది. షార్టయితే రీచార్జబుల్ సెల్ మామూలు సెల్ లాగా నీరసపడదు. ఒక్కసారిగా చాలా కరెంటు వదిలి చేతితో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. (తమాషా ఏమిటంటే మామూలు ఆల్కలైన్ సెల్‌లో ఇది తలకిందులు. దాంట్లో డబ్బా ప్లస్, అడుగు రేకు మైనస్. కాబట్టి దాని తొడుగూ ఒలవకూడదు, కారణం మాత్రం అటువైపు నుంచి.) స్క్రూడ్రైవర్‌తో తొడుగు చిరిగిన ఆ సెల్‌ను నేను తిరిగి ఇవ్వలేదు. రెండు కొనలకూ టేపు వేసి ల్యాబులో గాజు సీసాలో పెట్టాను, క్లాసులో చూపించడానికి.

ఇదంతా లావు సంగతి. రెండో రకం ఇబ్బంది దీనికి ఎదురు: సెల్ హాయిగా పడుతుంది, పరికరం మాత్రం పలకదు. మా ఇంట్లోనే రిమోట్ కారుతో ఇదే జరిగింది, నేను సెల్ పాడైందనుకొని రెండు రోజులు ఛార్జర్‌ను తిట్టుకున్నాను. తప్పు బుడిపెది. ప్రమాణం ప్రకారం డబుల్ ఏ బుడిపె కనీసం 1 మి.మీ. ఎత్తుండాలి, 5.5 మి.మీ. కన్నా వెడల్పు ఉండకూడదు. కొన్ని రీచార్జబుల్ సెల్లకు బుడిపె పొట్టిగా, చదునుగా ఉంటుంది. ఇటు పరికరాల్లోనేమో ప్లస్ రేకుకు రెండు వైపులా చిన్న ప్లాస్టిక్ గట్లు ఉంటాయి. సెల్‌ను తిరగేసి పెట్టినా రేకును తాకకుండా ఆపేందుకే అవి. పొట్టి బుడిపె ఆ గట్ల మధ్యకు వెళ్లి రేకును అందుకోలేదు. టార్చి పట్టుకొని పక్క నుంచి చూస్తే వెంట్రుక వాసి సందు కనబడుతుంది.

ఆ గట్లను కత్తితో చెక్కేస్తే సమస్య తీరిపోతుందని ఒకాయన నాతో అన్నారు. తీరుతుంది, కానీ రేపు పిల్లలు ఒక సెల్‌ను తిరగేసి వేసిన రోజు ఆపే గట్టు ఉండదు. అలాగే మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన వైద్యం సిల్వర్ కాగితం మడిచి సందులో పెట్టడం. పాత రేడియోలో రెండు మామూలు సెల్లకు అది నడిచిందేమో. రీచార్జబుల్ సెల్ దగ్గర ఆ కాగితం పక్కకు జరిగి భుజాన్ని తాకితే ఇందాక చెప్పిన షార్టే. పరికరాన్ని ఆపేసి, సెల్లు తీసి, మైనస్ స్ప్రింగ్‌ను వేళ్లతో మెల్లగా రెండు మిల్లీమీటర్లు సాగదీయండి. సెల్ వదులుగా ఆడుతుంటే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. గట్ల మధ్య బుడిపె అందకపోతే మాత్రం స్ప్రింగ్ లాగి లాభం లేదు. బుడిపె ఎత్తుగా సన్నగా ఉన్న వేరే సెల్ తీసుకోవడమే దారి.

స్ప్రింగ్ మీద తెల్లటి పొడి గానీ ఆకుపచ్చ చిలుము గానీ ఉంటే అదీ చూడండి. ఆల్కలైన్ సెల్ కారినప్పుడు లోపలి క్షారం గాలితో కలిసి ఆ తెల్ల పొడి అవుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, దూది పుల్లకు కొంచెం నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత తడి గుడ్డతో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. ఈ పని పెద్దవాళ్లు చేయాలి, పొడి కళ్లల్లో పడకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బీపీ మిషన్ కథ ఇంకా అయిపోలేదు. మూడు రోజుల తర్వాత ఆ నాన్నగారు కొంచెం సన్నగా ఉండే రీచార్జబుల్ సెల్లు తెచ్చారు. నాలుగూ చక్కగా కూర్చున్నాయి. మొదటి రోజు మిషన్ నడిచింది. రెండో రోజు పట్టీలో గాలి ఎక్కుతుండగానే ఆగిపోయి సెల్ గుర్తు మిణుకుమంది. ఛార్జర్‌లో పెడితే సెల్లు నిండుగానే ఉన్నాయి.

ఇక్కడ కొలవాల్సింది మిల్లీమీటర్లు కాదు, వోల్టులు. మామూలు సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్ సెల్ 1.2. నాలుగు కలిపితే ఒకటి 6, ఇంకొకటి 4.8. ఛార్జర్ నుంచి తీసిన వెంటనే రీచార్జబుల్ సెల్ 1.4 దాకా చూపిస్తుంది, అందుకే మొదటి రోజు నడిచింది. తర్వాత 1.2 దగ్గరికి దిగి అక్కడే చాలాసేపు నిలబడుతుంది. నిజానికి అది దాని సుగుణం. కానీ మామూలు సెల్ కోసం తయారైన మిషన్‌కు 1.2 కనబడగానే "ఈ సెల్ అయిపోవచ్చింది" అనిపిస్తుంది. మిషన్ తన లెక్క ప్రకారం సరిగ్గానే ఆగింది. ఇలాంటి పరికరాలు కొన్ని రీచార్జబుల్ సెల్లతో నడుస్తాయి, కొన్ని నడవవు. చాలా బీపీ మిషన్ల పుస్తకాల్లో ఆల్కలైన్ సెల్లు వాడమనే రాసి ఉంటుంది. ఆరోగ్యానికి సంబంధించిన పరికరం దగ్గర ఆ పుస్తకం మాటే వినండి, నా మాట కాదు. అడాప్టర్ పెట్టే రంధ్రం ఉంటే, పుస్తకంలో రాసిన వోల్టుల అడాప్టరే పెట్టాలి.

గోడ గడియారం, టీవీ రిమోట్ కూడా ఇదే జాబితాలో వేయండి. అవి తాగే కరెంటు చాలా తక్కువ, మామూలు సెల్ నెలల తరబడి వస్తుంది. రీచార్జబుల్ సెల్ వాడకపోయినా తనంతట తాను కొంత దిగిపోతుంటుంది. (2005 తర్వాత వచ్చిన నెమ్మదిగా దిగే రకాలు ఈ విషయంలో చాలా మెరుగు.) రీచార్జబుల్ సెల్లకు అసలైన చోటు వారం వారం సెల్లు మింగే వస్తువులు: బొమ్మ కార్లు, కెమెరా ఫ్లాష్, వైర్‌లెస్ మైకు. పిల్లలకు నేను ముందే ఇలా విడగొట్టి చెప్పి ఉండాల్సింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పట్టని సెల్ మహా అయితే విసిగిస్తుంది. నాకు భయం పట్టే సెల్ గురించే.

14500 అని రాసి ఉన్న లిథియం సెల్ ఒకటి దొరుకుతుంది. ఈ అంకెలు చదవడం పిల్లలకు నేర్పించండి, సులువు: 14 అంటే వ్యాసం 14 మి.మీ., 50 అంటే పొడవు 50 మి.మీ., చివరి సున్నా అంటే గుండ్రని గొట్టం ఆకారం. టార్చిల్లో, పవర్ బ్యాంకుల్లో ఉండే 18650 కూడా ఇదే లెక్క, 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు. ఇప్పుడు 14500 కొలతలు మళ్లీ చూడండి. అచ్చం మన పెన్సిల్ సెల్ సైజే. గూట్లో నున్నగా కూర్చుంటుంది. కానీ అది 3.7 వోల్టులు. రెండు సెల్లతో 3 వోల్టులకు నడవాల్సిన బొమ్మలో అలాంటివి రెండు వేస్తే 7.4 వోల్టులు పారతాయి. బొమ్మ కాలిపోవడం అందులో చిన్న నష్టం. ఆ సెల్‌ను పెన్సిల్ సెల్ల ఛార్జర్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం. సెల్ ఏదైనా గూట్లో పెట్టేముందు దాని ఒంటి మీద వోల్టులు చదవండి. 3.7 గానీ 3.2 గానీ కనబడితే అది పెన్సిల్ సెల్‌కు బదులు వేసేది కాదు.

నిన్నటి దాకా పట్టిన బ్యాటరీ ఇవాళ పట్టకపోతే అది కొలత సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బింది. పాత ఫోన్ల వెనక మూత లేవడం, పవర్ బ్యాంకు పొట్ట పొంగడం చాలామంది చూసే ఉంటారు. రాత్రిపూట పొలం దగ్గర మోటారు వేయడానికి వెళ్లేవాళ్ల లైట్లలోనూ ఇప్పుడు లిథియం బ్యాటరీలే ఎక్కువ. ఉబ్బినదాన్ని నొక్కి మూత వేయకండి, సూదితో గాలి తీయకండి, ఛార్జింగ్ పెట్టకండి. దోమల బ్యాట్ ఛార్జ్ కాకపోతే ఇంట్లో విప్పకండి. దాని లోపలి కెపాసిటర్ ఆపేసిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు.

బిళ్ల సెల్ దగ్గరికి వస్తున్నాను. చిన్న రిమోట్లలో, వేయింగ్ మెషిన్లలో, పాడే గ్రీటింగ్ కార్డుల్లో, మెరిసే బొమ్మల్లో ఉండే నాణెం లాంటిది. సీఆర్2032 అంటే 20 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందం. సీఆర్2025 అంటే మందం 2.5. ఒకదాని గూట్లో ఇంకొకటి పెడితే వదులుగా ఆడటమో బిగుసుకుపోవడమో జరుగుతుంది. ఎల్ఐఆర్2032 చూడటానికి మొదటిదాని కవల పిల్లే, కానీ అది రీచార్జబుల్, దాని వోల్టులు ఎక్కువ. సీఆర్ రకాన్ని ఎప్పుడూ ఛార్జ్ చేయకూడదు.

సెల్ సరిగ్గా పట్టక మూత బిగించకుండా, స్క్రూ పెట్టకుండా వదిలేసిన రిమోట్ ఇంట్లో ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు దానికి స్క్రూ బిగించండి. యూకేజీ, నర్సరీ పిల్లలున్న ఇళ్లు మరీ ముఖ్యం. బిళ్ల సెల్ మింగితే అది గొంతు కింద ఆహారనాళంలో తట్టుకొని, తడి తగలగానే కరెంటు పారి, రెండు గంటల్లోపే లోపలి పొరను కాల్చేయగలదు. అయిపోయిన సెల్ కూడా అంత పనీ చేస్తుంది. పిల్లవాడు మామూలుగా ఆడుకుంటూనే ఉండొచ్చు, కొంచెం చొంగ కారొచ్చు, అన్నం వద్దనొచ్చు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, పొద్దున్న చూద్దామనుకోకుండా వెంటనే ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కు ఫోన్ చేయండి. పరకాల నుంచి వరంగల్ ఎంజీఎం దాకా పోవడానికే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఆ రెండు గంటల్లో ప్రయాణం కూడా కలిసే ఉంది. ఏ వస్తువులోని సెల్లో, దాని మీద ఏ నంబరు ఉందో డాక్టరుకు చెప్పండి. వీలైతే అలాంటిదే ఇంకొకటి చూపించండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత సెల్‌ను జేబులో వేసుకొని వెళ్లండి. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి లావు, బుడిపె ఎత్తు కంటితోనే పోల్చొచ్చు. ఒక పరికరంలో వేసే సెల్లన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. పాతదీ కొత్తదీ కలిపితే బలహీనమైనది ముందు ఖాళీ అయి, మిగతావి దాన్ని ఉల్టా నెట్టి పాడు చేస్తాయి. అయిపోయినవాటిని చెత్తబండిలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం చిన్న సెల్లను కూడా విడిగా సేకరించే బాధ్యత తయారీదారులది. సెల్ మీద కొట్టేసిన చెత్తడబ్బా బొమ్మ ఉండేది అందుకే.

బీపీ మిషన్‌లోకి మళ్లీ నాలుగు ఆల్కలైన్ సెల్లు వచ్చాయి. సన్న రీచార్జబుల్ సెల్లు తమ్ముడి బొమ్మ కారులోకి వెళ్లాయి. "మా నాయినమ్మ రోజూ రాయిస్తుంది మేడం, నాలుగు రోజులది మాత్రం ఖాళీనే ఉంచమంది, డాక్టర్ అడిగితే మీ పేరు చెప్తదట" అంది ఆ అమ్మాయి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ల్యాబు తెరిచి ఉంటుంది. వెర్నియర్, మల్టీమీటర్ బల్ల మీద పెడతాను, పిల్లలే కొలిచి చూపిస్తారు. మీ ఇంట్లో పట్టని సెల్ ఉంటే పరికరంతో సహా తీసుకురండి. బిళ్ల సెల్లయితే రెండు వైపులా టేపు అంటించి, పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే తెండి. ఉబ్బినవి మాత్రం తేవద్దు, ఫోన్ చేసి చెప్పండి. కొలతలు నింపే వర్క్‌షీట్ ఇంగ్లీషు పేజీలో ఉంది.